హమ్మర్: ఒక అమెరికన్ మోటార్‌సైకిల్ పుట్టుక, పేరు

హార్లీ డేవిడ్సన్ అనగానే ఎవరికైనా రెండు పెద్ద సిలిండర్లతో, బరువైన ఉక్కు చట్రంతో, దూరం నుంచే వినిపించే గంభీరమైన శబ్దంతో నడిచే భారీ వాహనమే స్ఫురిస్తుంది. అమెరికాలోని మిల్వాకీ నగరంలో అదే సంస్థ 1948 మోడల్‌తో మొదలుపెట్టి 1966 వరకు ఒకే సిలిండర్ ఉన్న, పెట్రోలులో ఆయిలు కలిపి నడిపే చిన్న బండ్లను కూడా తయారుచేసిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. పాత వాహనాలను సేకరించేవారు ఈ వరుస మొత్తాన్నీ హమ్మర్ అని వ్యవహరిస్తారు. ఈ బండి చుట్టూ దశాబ్దాలుగా రెండు వివాదాలు నడుస్తున్నాయి. దీన్ని రూపొందించింది మిల్వాకీ ఇంజనీర్లా, లేక యుద్ధంలో ఓడిన జర్మనీ నుంచి వచ్చిన రూపకల్పనకే అమెరికా ముద్ర వేశారా అన్నది మొదటిది. హమ్మర్ అన్న పేరు అసలు ఏ బండికి చెందుతుంది, అది ఎక్కడి నుంచి వచ్చింది అన్నది రెండోది.

ఒక యంత్రం ఎవరిది అని అడిగినప్పుడు నిజానికి నాలుగు వేర్వేరు ప్రశ్నలు ఒకే ప్రశ్నగా కలిసిపోతాయి. అది పనిచేసే సూత్రాన్ని కనుగొన్నదెవరు, ఆ సూత్రానికి ఒక నిర్దిష్టమైన రూపం ఇచ్చిందెవరు, ఆ రూపాన్ని తయారుచేసి జనం చేతికి అందించిందెవరు, దానికి పేరు పెట్టిందెవరు అన్న ఈ నాలుగింటినీ విడదీసి చూస్తే హమ్మర్ గురించిన వివాదంలో చాలా భాగం తేలిపోతుంది. తేలకుండా మిగిలేది ఎవరి శ్రమకు ఎంత గుర్తింపు దక్కాలన్న న్యాయసంబంధమైన ప్రశ్న.

సూత్రం: రెండు ఘాతాల ఇంజన్

ఇంజన్ సిలిండర్‌లో పిస్టన్ ఒక కొస నుంచి మరొక కొసకు చేసే ప్రయాణాన్ని ఘాతం లేదా స్ట్రోక్ అంటారు. 1876లో జర్మనీకి చెందిన నికొలాస్ ఓటో విజయవంతంగా నడిపి చూపించిన ఇంజన్‌లో ఇంధన మిశ్రమాన్ని పీల్చడానికి ఒకటి, నొక్కడానికి ఒకటి, మండి శక్తినివ్వడానికి ఒకటి, కాలిన వాయువును వెళ్లగొట్టడానికి ఒకటి చొప్పున నాలుగు ఘాతాలు అవసరమయ్యేవి. ఈ నాలుగు పనులనూ రెండే ఘాతాల్లో ముగించగలిగితే ఇరుసు తిరిగిన ప్రతిసారీ శక్తి లభిస్తుంది కాబట్టి, చిన్న ఇంజన్ నుంచే ఎక్కువ పని రాబట్టవచ్చునని అప్పటి ఇంజనీర్లు గ్రహించారు. స్కాట్లండ్‌కు చెందిన డ్యూగాల్డ్ క్లర్క్ ఈ దిశలో తొలి ఫలితాలు సాధించాడు గానీ, ఆయన ఇంజన్‌కు మిశ్రమాన్ని నెట్టడానికి వేరుగా ఒక పంపు సిలిండర్ కావలసివచ్చింది.

ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో పనిచేసిన జోసెఫ్ డే 1891లో ఆ పంపు అవసరాన్ని తొలగించాడు. పిస్టన్ కిందికి దిగేటప్పుడు దాని అడుగున ఉన్న క్రాంక్ కేస్‌లో, అంటే ఇరుసు తిరిగే మూసిన గదిలో, గాలి ఎలాగూ ఒత్తిడికి లోనవుతుంది కాబట్టి, ఆ గదినే పంపుగా వాడుకోవచ్చునని ఆయన నిరూపించాడు. ఆయన వద్ద పనిచేసిన ఫ్రెడరిక్ కాక్ మరో అడుగు ముందుకు వేసి, మిశ్రమం లోనికి వచ్చే ద్వారాన్ని కూడా పిస్టనే తెరిచి మూసే ఏర్పాటు చేయడంతో కవాటాలతో పనిలేని ఇంజన్ సిద్ధమైంది. కదిలే భాగాలు మూడే మూడు, పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంక్ ఇరుసు. క్రాంక్ కేస్ గుండా ఇంధన మిశ్రమమే ప్రవహిస్తుంది కనుక అక్కడ విడిగా ఆయిలు నిలవ ఉంచే వీలుండదు. అందుకే కందెనగా పనిచేసే ఆయిలును పెట్రోలులోనే కలపవలసి వస్తుంది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో రాజ్‌దూత్, జావా, యెజ్డీ బండ్లు నడిపిన తరానికి పెట్రోలు బంకులో ఆయిలు కలిపించుకోవడం నిత్యానుభవం. ఆ అలవాటుకు మూలకారణం జోసెఫ్ డే ఆలోచనలోనే ఉంది.

ఈ ఇంజన్‌కు ఒక పెద్ద చిక్కు మిగిలిపోయింది. కాలిన వాయువు బయటికి పోవడం, కొత్త మిశ్రమం లోనికి రావడం దాదాపు ఒకే సమయంలో జరుగుతాయి కాబట్టి, కొత్తది పాతదానితో కలిసి వృథాగా బయటికి పోయే ప్రమాదం ఉంది. కొత్త మిశ్రమం సాయంతో పాత వాయువును ఊడ్చి పంపే ఈ ప్రక్రియను స్కావెంజింగ్ అంటారు. తొలినాటి ఇంజన్లలో పిస్టన్ తల మీద గూనిలాంటి ఒక ఎత్తును పోతపోసి, లోనికి వచ్చే మిశ్రమం దానికి తగిలి పైకి మళ్లేలా చేసేవారు. ఆ గూని పిస్టన్ బరువును పెంచేది, మిగిలిన భాగం కన్నా ఎక్కువ వేడెక్కి ఆకారం చెడేది, మంట సమంగా వ్యాపించడానికి అడ్డుపడేది.

జర్మనీలోని కొలోన్ నగరపు డాయ్‌ట్స్ సంస్థలో పనిచేసిన అడాల్ఫ్ ష్న్యూర్లె 1920ల మధ్యలో ఈ చిక్కును సిలిండర్ గోడలోనే పరిష్కరించాడు. కాలిన వాయువు పోయే ద్వారానికి ఇరుపక్కలా రెండు ప్రవేశ ద్వారాలు ఉంచి, వాటిని ఎదుటి గోడ వైపు చూసేలా వాలుగా మలిచాడు. రెండు వైపుల నుంచి దూసుకొచ్చిన మిశ్రమ ధారలు వెనక గోడ దగ్గర ఒకదానితో ఒకటి కలిసి, గోడను పట్టుకుని పైకి లేచి, సిలిండర్ పైకప్పు దగ్గర మలుపు తిరిగి కిందికి దిగుతూ పాత వాయువును ముందుకు నెడతాయి. ధార ఇలా ఉచ్చులాగా తిరగడం వల్ల పిస్టన్ తలపై గూని అవసరం లేకపోయింది. తల దాదాపు చదునుగా ఉన్న తేలికైన పిస్టన్‌తో ఇంజన్ వేడిని తట్టుకుంది, ఇంధనం ఆదా అయింది, వేగం పెరిగింది.

రూపం: చోపావ్ పట్టణం, 1939

ష్న్యూర్లె పద్ధతి విలువను మోటార్‌సైకిల్ రంగంలో అందరికన్నా ముందు గుర్తించినది జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో, చోపావ్ అనే చిన్న పట్టణంలో ఉన్న డీకేడబ్ల్యూ సంస్థ. డెన్మార్క్ నుంచి వచ్చి స్థిరపడిన యోర్గన్ స్కాఫ్టే రాస్ముసెన్ స్థాపించిన ఈ సంస్థ 1920ల చివరికల్లా ప్రపంచంలోనే అత్యధికంగా మోటార్‌సైకిళ్లు తయారుచేసే స్థాయికి ఎదిగింది. ఈ సంస్థ పేరుకూ ఒక కథ ఉంది. ఆ మూడు అక్షరాలు మొదట ఆవిరి బండి అన్న అర్థమిచ్చే జర్మన్ పదానికి పొడి అక్షరాలు. ఆవిరి బండి ప్రయోగం ఫలించకపోయినా అక్షరాలు నిలిచిపోయి, కాలక్రమంలో పిల్లవాడి కోరిక అనీ, చిన్న అద్భుతం అనీ కొత్త అర్థాలు తొడుక్కున్నాయి. యంత్రాల పేర్లు ఒక చోట పుట్టి మరో చోట స్థిరపడడం హమ్మర్‌తో మొదలైనది కాదు.

1930ల తొలినాళ్లలో డీకేడబ్ల్యూ పెట్రోలు ఇంజన్లకు ష్న్యూర్లె పద్ధతిని వాడుకునే హక్కును లైసెన్సుగా పొందింది. సంస్థ ప్రధాన రూపశిల్పి హెర్మన్ వెబర్ ఆ పద్ధతిని ఆధారం చేసుకుని 1939లో ఆర్‌టీ 125 అనే మోడల్‌ను తీర్చిదిద్దాడు. సిలిండర్ లోపలి వ్యాసం 52 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణించే దూరం 58 మిల్లీమీటర్లు, వాటి వల్ల ఏర్పడే ఘనపరిమాణం సుమారు 123 ఘన సెంటీమీటర్లు. శక్తి ఐదు అశ్వశక్తికి కాస్త తక్కువ. ఇంజన్‌నూ గేరు పెట్టెనూ విడివిడిగా బిగించకుండా ఒకే అండాకారపు పోత పెట్టెలో ఇమిడ్చాడు. గేర్లు మూడు, వాటిని పాదంతో మార్చాలి. ముందు ఫోర్క్‌కు రబ్బరు పట్టీలతో కుదుపులు తట్టుకునే గుణం కల్పించాడు.

ఈ అంశాల్లో ఏ ఒక్కటీ అంతకుముందు లోకానికి తెలియనిది కాదు. వెబర్ ప్రతిభ వాటి కూర్పులో ఉంది. తక్కువ ఖర్చుతో తయారై, తక్కువ పనిముట్లతో బాగుచేసుకోగలిగి, సామాన్యుడు రోజూ వాడుకోదగిన పూర్తి వాహనంగా వాటన్నిటినీ ఆయన ఒక సమతూకంలోకి తెచ్చాడు. యుద్ధకాలంలో జర్మన్ సైన్యం కూడా ఈ బండిని వాడుకుంది.

తయారీ: ఒకే రూపం, అనేక దేశాలు

1945లో జర్మనీ ఓడిపోయాక విజేత దేశాలు నష్టపరిహారంగా యంత్రాలను మాత్రమే తీసుకోలేదు. అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ నిపుణుల బృందాలు జర్మన్ కర్మాగారాల్లోనూ పరిశోధనశాలల్లోనూ తిరిగి డ్రాయింగులు, నివేదికలు, పేటెంట్ల వివరాలు సేకరించాయి. శాంతికాలంలో అయితే లైసెన్సు రుసుము చెల్లించి పొందవలసిన పరిజ్ఞానం ఈ విధంగా ఊరికే అందరికీ అందుబాటులోకి వచ్చింది.

చోపావ్ సోవియట్ అధీనంలోని ప్రాంతంలో ఉండడంతో అక్కడి కర్మాగారపు యంత్రాలను విప్పి సోవియట్ యూనియన్‌కు తరలించారు. 1946లో మాస్కోలో ఆర్‌టీ 125 రూపమే ఎం1ఏ అనే పేరుతో తయారు కావడం మొదలై, 1951లో బేలారూస్‌లోని మిన్స్క్‌కు మారింది. హెర్మన్ వెబర్‌ను కూడా సోవియట్ యూనియన్‌కు తీసుకువెళ్లారు. ఆయన 1948లో అక్కడే మరణించాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో బీఎస్ఏ సంస్థ బాంటమ్ అనే బండిని విడుదల చేసింది. దాని సిలిండర్ కొలతలు కూడా 52, 58 మిల్లీమీటర్లే. కాకపోతే బ్రిటిష్ అలవాటు ప్రకారం గేరు మీట కుడివైపున ఉండాలి కాబట్టి ఇంజన్ మొత్తాన్నీ అద్దంలో ప్రతిబింబంలాగా కుడి ఎడమలు తారుమారు చేసి తయారుచేశారు. 1955లో జపాన్‌లో వాద్యాలు చేసే యమహా సంస్థ తన తొలి మోటార్‌సైకిల్ వైఏ 1ను ఇదే నమూనాపై నిర్మించింది. ఎర్రటి రంగు వల్ల జనం దాన్ని ఎర్ర తూనీగ అని పిలుచుకున్నారు. యమహా ఇంజనీర్లు గేర్లను నాలుగుకు పెంచారు, బండి ఏ గేరులో ఉన్నా కిక్ కొట్టి స్టార్ట్ చేయగలిగే ఏర్పాటు చేశారు.

హార్లీ డేవిడ్సన్ విడుదల చేసిన మోడల్ ఎస్ లేదా 125 అన్న బండి ఈ కుటుంబంలోని అమెరికన్ శాఖ. యుద్ధం నుంచి తిరిగివచ్చిన యువకులకూ, తొలిసారి బండి ఎక్కే కుర్రవాళ్లకూ చవకైన వాహనం అందించకపోతే ఆ మార్కెట్ ఇతరుల చేతుల్లోకి పోతుందని సంస్థ భావించింది. తొలి మోడల్ సంవత్సరంలోనే పదివేలకు పైగా బండ్లు తయారయ్యాయి.

వివాదం, ఆధారాలు

ఈ అమెరికన్ బండి పుట్టుక గురించి పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు వినిపిస్తాయి. ఇది యుద్ధంలో చేజిక్కిన జర్మన్ బండికి నకలు తప్ప మరేమీ కాదని కొందరంటారు. మిల్వాకీలో తయారై, అమెరికన్ కొలతలకు మారి, అమెరికన్ రోడ్ల మీద ఎదిగిన బండిని పరాయిదనడం సరికాదని మరికొందరు వాదిస్తారు. క్రాంక్ కేస్‌ను పంపుగా వాడే పద్ధతి ఇంగ్లండ్‌లో పుట్టినప్పుడు, ఆర్‌టీ 125 మాత్రం పూర్తిగా జర్మన్ ఎలా అవుతుందని ఇంకొందరు ప్రశ్నిస్తారు.

వాహనమే ఇక్కడ ప్రధాన సాక్షి. దాదాపు ఒకే కొలతల సిలిండర్, ఇంజన్‌నూ గేరు పెట్టెనూ కలిపిన అదే అండాకారపు పెట్టె, ష్న్యూర్లె పద్ధతి ద్వారాలు, రబ్బరు పట్టీల ముందు ఫోర్క్, పాదంతో మార్చే మూడు గేర్లు, ఇవన్నీ యాదృచ్ఛికంగా ఒకచోట చేరాయని నమ్మడం కష్టం. వీటిలో చివరి అంశం మరీ విలువైనది. ఆ కాలపు పెద్ద హార్లీ బండ్లకు గేర్లు చేతితోనూ క్లచ్ పాదంతోనూ నడిచేవి. పాదంతో గేర్లు మార్చే పద్ధతి ఆ పెద్ద బండ్లకు 1952లో గానీ రాలేదు. తన సొంత సంప్రదాయంలో లేని అమరిక సంస్థ తయారీలో అతి చిన్న బండికి ముందుగా రావడానికి సహజమైన కారణం ఆ అమరిక మూల నమూనాలో ఉండడమే. పైగా జర్మన్ రూపకల్పనను ఆధారంగా తీసుకోవడం మిల్వాకీకి కొత్త కాదు. యుద్ధ సమయంలో అమెరికన్ సైన్యం కోరిక మీద ఆ సంస్థ బీఎండబ్ల్యూ ఆర్71 నమూనాలో ఎక్స్ఏ అనే సైనిక వాహనాన్ని సుమారు వెయ్యి వరకు తయారుచేసింది.

కాబట్టి రూపకల్పన చోపావ్‌దేనన్న నిర్ణయానికి రాక తప్పదు. అంతమాత్రాన మిల్వాకీ చేసిన పనిని తక్కువ చేయడం తగదు. మిల్లీమీటర్లలో ఉన్న డ్రాయింగును అంగుళాల్లోకి మార్చడమంటే కేవలం గుణకారం కాదు. అక్కడ దొరికే బేరింగులు, మరలు, ఉక్కు రకాలు, కోత యంత్రాలు అన్నిటికీ అనుగుణంగా ప్రతి భాగాన్నీ మళ్లీ ఆలోచించాలి. ఆ తరువాత 1951లో రబ్బరు పట్టీల ఫోర్క్ స్థానంలో ఒక గొట్టంలోకి మరో గొట్టం జారే టెలిస్కోపిక్ ఫోర్క్ వచ్చింది. 1953లో ఇంజన్ పరిమాణం 165 సీసీకి పెరిగింది. కొన్ని రాష్ట్రాల్లో చిన్న వయసు వారు నడపదగిన బండికి అశ్వశక్తి పరిమితి ఉండడంతో, కార్బురేటర్‌లో గాలి దారిని ఇరుకు చేసి ఐదు అశ్వశక్తికి లోబడిన రకాన్ని కూడా విడిగా తయారుచేశారు.

ఈ వరుసలో మిల్వాకీ సొంతమని చెప్పదగిన భాగం ఒకటి మరింత దూరం ప్రయాణించింది. 125 బండి మీద అమర్చిన చిన్న పెట్రోలు ట్యాంకునే 1958లో స్పోర్ట్‌స్టర్ ఎక్స్ఎల్‌సీహెచ్ అనే వేగవంతమైన పెద్ద బండికి వాడారు. వేరుశెనగ ట్యాంకు అన్న పేరుతో అది అమెరికన్ మోటార్‌సైకిళ్ల ఆకృతికే ఒక గుర్తుగా నిలిచిపోయింది.

పేరు: ఒక బండిది, ఒక వంశానిది

హార్లీ డేవిడ్సన్ తన బండ్లకు చాలాకాలం అక్షరాలు, అంకెలతోనే గుర్తింపు ఇచ్చేది. 1936లో వచ్చిన ఈఎల్ మోడల్ ఇంజన్ మీది మూతలు పిడికిలి కణుపుల్లా కనిపించడంతో దాన్ని వాడినవారు నకుల్‌హెడ్ అన్నారు; 1948లో వచ్చిన తరువాతి ఇంజన్ మూతలు పెనాన్ని తలపించడంతో పాన్‌హెడ్ అన్నారు. సంస్థ కాగితాల్లో లేని ఈ పేర్లే చరిత్రలో స్థిరపడ్డాయి.

హమ్మర్ కథ ఇందుకు భిన్నంగా మొదలైంది. 1955లో సంస్థ మోడల్ బీ అనే బండిని విడుదల చేసి, దానికి తానే హమ్మర్ అని పేరు పెట్టింది. 165 సీసీ బండి కన్నా చవకగా ఉండాలన్న ఉద్దేశంతో మళ్లీ 125 సీసీ ఇంజన్‌కు వెళ్లి, అవసరం లేదనుకున్నవన్నీ తీసివేశారు. బ్యాటరీ లేదు, నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తును ఇంజన్ తిరిగేటప్పుడే పుట్టించే మాగ్నెటో ఉంది. విద్యుత్ హారన్ లేదు, మలుపు దీపాలు లేవు, బ్రేకు దీపం లేదు. ఈ బండి 1959 వరకు తయారైంది.

ఇంజన్ చేసే గుంయిమనే శబ్దాన్ని బట్టి ఆ పేరు వచ్చి ఉంటుందని అనుకోవడం సహజం, ఇంగ్లిష్‌లో ఆ మాటకు ఆ అర్థమూ ఉంది. అయితే ఈ బండ్ల చరిత్రలో స్థిరపడిన వివరణ వేరు. నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరంలో హార్లీ డీలరుగా ఉన్న డీన్ హమ్మర్ ఈ చిన్న టూ స్ట్రోక్ బండ్ల అమ్మకంలో దేశమంతటిలోకీ ముందు నిలిచాడు; ఆయన ఇంటిపేరునే సంస్థ కొత్త బండికి పెట్టింది. పెద్ద బండ్లకు అలవాటుపడిన డీలర్లలో చాలామంది చిన్న బండిని చిన్నచూపు చూసే పరిస్థితుల్లో, దాని విలువను గుర్తించి జనానికి చేర్చిన అమ్మకందారుకు దక్కిన గౌరవమది.

కాలం గడిచేకొద్దీ ఆ పేరు తన హద్దులు దాటింది. 1948 నాటి మోడల్ ఎస్, 1953 నాటి 165, 1960లో వచ్చిన సూపర్ 10, ఆ తరువాతి రేంజర్, పేసర్, స్క్యాట్, వరుసలో చివరిదైన 1966 నాటి బాబ్‌క్యాట్, ఇవన్నీ వాడుకలో హమ్మర్లే అయ్యాయి. కచ్చితత్వాన్ని కోరేవారు 1955 నుంచి 1959 వరకు వచ్చిన మోడల్ బీకి మాత్రమే ఆ పేరు చెల్లుతుందనీ, మిగిలినవాటిని అమెరికన్ లైట్‌వెయిట్స్ అనాలనీ పట్టుబడతారు. పేరును సంస్థ నమోదు చేసిన గుర్తుగా చూసేవారికి ఈ మాట సరైనదే. పేరును జనం చేసుకున్న ఒప్పందంగా చూసేవారికి, అరవై ఏళ్లకు పైబడిన వాడుక కూడా ఒక ప్రమాణమే. పాత బండికి విడిభాగం వెతికేటప్పుడు, పుస్తకంలో మోడల్ సంవత్సరం నమోదు చేసేటప్పుడు మొదటి అర్థాన్ని, మొత్తం వంశం గురించి మాట్లాడేటప్పుడు రెండో అర్థాన్ని తీసుకుంటే గందరగోళానికి తావుండదు.

గుర్తింపు గురించిన ప్రశ్న

నాలుగు ప్రశ్నలకూ ఇప్పుడు విడివిడిగా సమాధానం చెప్పవచ్చు. సూత్రం బాత్ నగరపు జోసెఫ్ డే, ఫ్రెడరిక్ కాక్, కొలోన్ నగరపు అడాల్ఫ్ ష్న్యూర్లె కృషి ఫలితం. రూపం చోపావ్‌కు చెందిన హెర్మన్ వెబర్‌ది. తయారీ, దాని వెంట వచ్చిన మార్పులు మిల్వాకీ కార్మికులవీ ఇంజనీర్లవీ. పేరు ఒమాహాలో బండ్లు అమ్మిన మనిషిది. వీటిలో ఏ ఒక్కదాన్ని పట్టుకుని బండి మొత్తం తమదేనని ఎవరు వాదించినా మిగిలిన ముగ్గురికీ అన్యాయం జరుగుతుంది.

ఈ నలుగురిలో అందరికన్నా ఎక్కువగా మరుగున పడినవాడు వెబర్. అమ్మకందారు పేరు బండికే స్థిరపడింది, తయారీదారు పేరు ట్యాంకు మీద మెరిసింది, ష్న్యూర్లె పేరు ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకాల్లో ఒక పద్ధతికి గుర్తుగా మిగిలింది. ఇంగ్లండ్‌లో, రష్యాలో, జపాన్‌లో, అమెరికాలో లక్షల మందిని తొలిసారి మోటార్‌సైకిల్ ఎక్కించిన రూపాన్ని గీసిన మనిషి మాత్రం పరాయి దేశంలో మరణించాడు. ఆ బండ్లలో ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. విజేతలు డ్రాయింగులు తీసుకోవడం ఆనాటి ఒప్పందాల దృష్టిలో పరిహారమే అయినా, రూపశిల్పి పేరును చెరిపివేసే హక్కు ఏ పరిహారంలోనూ భాగం కాదు.

భారతదేశానికీ ఈ ప్రశ్న దూరమైనది కాదు. ఎస్కార్ట్స్ సంస్థ తయారుచేయగా పల్లెల్లో పాలవాళ్ల నుంచి పట్నాల్లో గుమాస్తాల వరకు నడిపిన రాజ్‌దూత్ 175 బండికి మూలం పోలండ్‌కు చెందిన ఎస్‌హెచ్ఎల్ ఎం11 అన్న సంగతి దాన్ని నడిపినవారిలో బహుకొద్దిమందికే తెలుసు. దేశం నుంచి దేశానికి పరిజ్ఞానం ప్రవహించడం వల్లనే సామాన్యుడి ఇంటి ముందుకు బండి వచ్చింది. ఆ ప్రవాహాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. చేయవలసినదల్లా మూలాన్ని దాచకుండా చెప్పడం. ప్రదర్శనశాలల్లో హమ్మర్ పక్కన పెట్టే పలకలో తయారీ సంవత్సరం, ఇంజన్ పరిమాణాలతో పాటు రూపకల్పన హెర్మన్ వెబర్, చోపావ్, 1939 అన్న ఒక్క పంక్తి చేర్చితే, అమెరికన్ బండిగా దానికున్న గౌరవం ఇసుమంత కూడా తగ్గదు. దాని చరిత్ర మాత్రం పూర్తవుతుంది.